పదకొండూ ఏడు

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది పోయే రోడ్డులో
ఎనభై నాలుగు స్తంభాలు నావి.
స్తంభాలు కరెంటోళ్ళవే అనుకోండి,
వాటి మీద వేలాడే నల్లతీగ నాది.
తెగితే నిచ్చెన నాది, తిట్లూ నావే.

జోయెల్ అనే కుర్రోడు, పాలిటెక్నిక్ రెండో ఏడు,
ఆ వారంలో నాలుగోసారి ఫోన్ చేశాడు.
"అన్నా, ఆట మధ్యలో పడిపోతంది.
ఆఖరి వలయంలో ఉంటాను,
ఎదర ఒక్కడే మిగిలుంటాడు,
తెర మీద చక్రం తిరుగుద్ది.
తిరిగొచ్చేసరికి నేను చచ్చుంటాను."

వెళ్ళాను. డబ్బాలో ఎర్రదీపం లేదు.
మీటరు పెడితే మైనస్ ఇరవై ఒకటి, దివ్యంగా ఉంది.
ప్యాచ్ కేబుల్ మార్చాను. పిన్ను తుడిచాను.
డబ్బాని బీరువా మీంచి దింపి కిటికీలో పెట్టాను.
ఏమీ తోచనప్పుడు అందరికీ చెప్పేదే చెప్పాను:
ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వెయ్యి.
వాళ్ళమ్మ కరుణమ్మ కాజాలు కుడుతూ
"మా ఆయనకీ అదే చేసి చూశాను బాబూ,
లాభం లేపోయింది" అంది.

మర్నాడు మళ్ళీ ఫోను.
ఈసారి అడిగాను: ఎన్నింటికి?
నోటుపుస్తకం వెనకట్ట మీద రాసి చూపించాడు.
సోమవారం పదకొండూ ఏడు.
మంగళవారం పదకొండూ ఆరు.
బుధవారం మబ్బు, తొమ్మిదిన్నరకే.
గురువారం పదకొండూ ఏడు.

తీగకి గడియారం తెలీదు.
వేళకి వచ్చేది మనిషే.

ఆ రాత్రి వాళ్ళ గుమ్మంలో కూర్చున్నాను.
దోమలు, ఉప్పుటేటి వాసన,
లోపల కుర్రోడి వేళ్ళ చప్పుడు.
వేళ అయింది.
బల్బు ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది.
డబ్బా చచ్చి పుట్టింది.
అప్పుడు వినపడింది, కాలవకి అవతల
పెనుమత్సవారి రొయ్యల చెరువులో
పన్నెండు ఏరియేటర్లు ఒక్క పెట్టున
దబదబా నీళ్ళని బాదడం.

గట్టు మీద లోవరాజు,
టార్చి నోట కరుచుకుని స్విచ్చులేస్తున్నాడు.
"పగలు నీట్లో పచ్చదనం ఊపిరిస్తదండి,
రాత్రి అదే తిరిగి లాక్కుంటది.
మబ్బేస్తే ఇంకా ముందే ఎయ్యాల.
ఆలిస్యం చేస్తే తెల్లారేసరికి
రొయ్య తేలిపోద్దండి, ఆయ్."

నాలుగు లక్షల ప్రాణాలు ఊపిరి పీలిస్తే
ఇవతల ఒక్కడు చస్తున్నాడు, రోజూ, ఆటలో.

"పది నిమిషాలు ఆగి వెయ్యకూడదా" అన్నాడు జోయెల్.
"ఒక్కోటీ వెయ్యకూడదా" అన్నాను నేను.
లోవరాజు మొదటిదానికి నవ్వాడు,
రెండోదానికి తల గోక్కున్నాడు.
ఆ రాత్రి నుంచి స్విచ్చుకీ స్విచ్చుకీ మధ్య
పైకే పది లెక్కపెడుతున్నాడు.
డబ్బాకి నేనో చిన్న బ్యాటరీ తగిలించాను,
డబ్బులు కరుణమ్మ జాకెట్ల కూలిలో చెల్లు.

మూడు వారాలు ఫోను లేదు.

నిన్న పొద్దున్నే:
"అన్నా, రాత్రి మళ్ళీ పడిపోయింది."
నిచ్చెన కోసం చూస్తున్నాను.
"లైను బాగానే ఉంది. నేనే."

కరెంటు పోయిందట. ఫ్యాను ఆగింది, డబ్బా ఆగలేదు.
ఆఖరి వలయం, ఎదర ఒక్కడే.
చెవిలో తుపాకులు మోగుతున్నాయిగానీ
వాటి వెనకాల ఏదో చప్పుడు లేదట.
పది లెక్కపెట్టాడు. జనరేటరు రాలేదు.
ఇంకో పది.
ఫోను మంచం మీద గిరాటేసి
తాటిదుంగ వంతెన మీద పరిగెత్తాడు.
లోవరాజు గట్టున జ్వరంతో ముడుచుకుని ఉన్నాడట,
దుప్పట్లోంచి చెయ్యి మాత్రం తీసి
హ్యాండిలు ఎటు తిప్పాలో చూపించాడట.

తిరిగొస్తే తెర మీద రాసుంది:
జట్టుని మధ్యలో వదిలేసినందుకు
పది నిమిషాలు ఆడనివ్వం.

"మరేం చేశావురా?"
"ఏం చేస్తాను, గట్టు మీద కూర్చున్నా.
నీళ్ళు ఎగురుతా ఉంటే
బానే ఉందన్నా చూట్టానికి."
ఆగి,
"ఆ పైవాడు గెలిచేశాడనుకో" అన్నాడు.